ఆట వాళ్ళది – గుండె దడ మనది!

"డాక్టరు గారూ! తెల్లవారుజామున మూడింటికి ఈయనకి గుండె దడ పట్టుకుంది. ఒళ్ళంతా చెమటలు పోశాయి. గ్యాస్ అని సోడా తాగి పడుకున్నారు. నాకు భయమేసి పొద్దున్నే తీసుకొచ్చాను" అంది ఆవిడ, భర్తను నా బల్ల ముందు కుర్చీలో కూర్చోబెట్టి.

ఆయనకు 48 ఏళ్ళు. దాచేపల్లిలో సొంత బండి ఉన్న మనిషి. మిర్చి సీజనులో చుట్టుపక్కల రైతుల టిక్కీలు ఎక్కించుకుని గుంటూరు యార్డుకి తోలుతుంటాడు. మిగతా రోజుల్లో సిమెంటు, ఎరువులు. ఆరేళ్ళుగా రక్తపోటు ఉంది. మాత్రలు వాడుతున్నాడు.

"మూడింటికి నిద్రలో మెలకువ వచ్చి దడ అనిపించిందా? లేక అప్పటికే మేలుకుని ఉన్నారా?" అని అడిగాను.

ఆయన మాట్లాడలేదు. వెనక నిలబడ్డ కొడుకు జవాబిచ్చాడు. "మేలుకునే ఉన్నారు అంకుల్. చాంపియన్స్ లీగ్ మ్యాచ్ చూస్తున్నాం. ఒంటిగంటన్నరకి మొదలవుతుంది."

"క్రికెట్టా?"

"కాదంకుల్. ఫుట్‌బాల్."

దాచేపల్లిలో ఫుట్‌బాలా అని నేను ఆశ్చర్యపోయిన మాట నిజం. కుర్రవాడు ఇంజనీరింగ్ చదివే రోజుల్లో హాస్టల్లో అంటించుకున్న పిచ్చి అది. ఇప్పుడు ఇంట్లోంచే ఉద్యోగం చేస్తున్నాడు. 2022 డిసెంబరు 18న అర్జెంటీనా, ఫ్రాన్సు ఆడిన ప్రపంచ కప్పు ఫైనల్ తండ్రికి దగ్గర కూర్చోబెట్టి చూపించాడట. 3-3 గోల్స్‌తో సమానమై, చివరికి పెనాల్టీల్లో అర్జెంటీనా గెలిచిన ఆ మ్యాచ్ చూశాక ఆయనకూ పిచ్చి అంటుకుంది. అది ప్రపంచ కప్పు కాబట్టి మన టైములో రాత్రి ఎనిమిదిన్నరకే మొదలైంది, ఉచితంగానే చూశారు. తరువాత వచ్చినవన్నీ చందా కట్టి చూడవలసినవి, అందులో చాలావరకు అర్ధరాత్రివి.

పాఠకులలో ఈ లెక్కలు తెలియనివారి కోసం రెండు ముక్కలు చెబుతాను. ఐ.పి.ఎల్. క్రికెట్టును 2023, 2024 సంవత్సరాల్లో జియో సినిమాలో ఉచితంగా చూశాం. 2025 ఫిబ్రవరి 14న అదీ, డిస్నీ హాట్‌స్టారూ కలిసి జియో హాట్‌స్టార్ అయ్యాక, కొన్ని నిమిషాలు చూపించి ఆ పైన చందా అడగడం మొదలైంది. అప్పుడు ఫోనులో చూసే చందా మూడు నెలలకు 149 రూపాయలు, ప్రకటనలు లేకుండా టీవీలో చూసేది మూడు నెలలకు 499 రూపాయలు. ఫుట్‌బాల్ అభిమాని పరిస్థితి ఇంకా చిత్రం. 2025-26 సీజన్లో ఇంగ్లండు ప్రీమియర్ లీగ్ ఒకచోట, యూరప్ చాంపియన్స్ లీగ్ సోనీ లివ్‌లో ఇంకొకచోట. ఒక ఆటకి రెండు చందాలు! ఈ ఇంట్లో రెండూ కట్టారు.

బి.పి. చూశాను. 170/104 ఉంది. నాడి నిమిషానికి 104. ఇ.సి.జి. తీశాను. గుండెపోటు గుర్తులు లేవు గాని మధ్యమధ్యలో అదనపు దెబ్బలు కనిపిస్తున్నాయి.

"నీరసంగా ఉందండీ. ఒక సెలైను ఎక్కించండి, అదే పోతుంది" అన్నాడాయన.

బి.పి. 170 ఉన్న మనిషికి ఉప్పునీళ్ళు ఎక్కించమంటున్నాడు! మన ప్రాంతంలో సెలైను సీసా మీద ఉన్నంత నమ్మకం డాక్టరు మాట మీద ఉంటే ఎంత బాగుండును. "సెలైను సంగతి తరువాత. రాత్రి మాత్ర వేసుకున్నారా?" అని అడిగాను.

"వేసుకున్నాననుకుంటా."

"వేసుకోలేదండీ" అంది భార్య వెంటనే. "అన్నం తిన్నాక వేసుకోమని మీరు చెప్పారు. మ్యాచ్ ఉన్న రోజు అన్నం అన్నమాటే లేదు. తొమ్మిదింటికి ఒక కునుకు, పన్నెండున్నరకి లేచి కాఫీ, బజ్జీలు. మళ్ళీ సగం ఆట కాగానే ఇంకో కాఫీ. మాత్రల డబ్బా వంటింట్లో, ఈయన ముందు గదిలో."

ఇప్పుడు జరిగిందేమిటో చూద్దాం. ఉద్వేగం కలిగినప్పుడు ఎడ్రినలిన్ అనే పదార్థం రక్తంలోకి వస్తుంది. పులి ఎదురుపడితే పరిగెత్తడానికో, తిరగబడడానికో శరీరం చేసుకునే ఏర్పాటు అది. గుండె వేగం పెరుగుతుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి, రక్తపోటు ఎగబాకుతుంది. మైదానంలో ఆటగాడు ఆ శక్తిని పరుగులో ఖర్చు పెట్టేస్తాడు. కుర్చీలో కూర్చున్నవాడికి ఆ అవకాశం లేదు. దానికి తోడు మాత్ర మానేయడం, రెండు కాఫీలు, ఉప్పూ నూనే ఉన్న బజ్జీలు, నిద్రలేని కళ్ళు. గుండె దడ రాకపోతే ఆశ్చర్యపడాలి.

ఇది నేను ఊహించి చెబుతున్న సంగతి కాదు. 2006లో జర్మనీలో ప్రపంచ కప్పు జరిగినప్పుడు మ్యూనిక్ ప్రాంతపు వైద్యులు అత్యవసర గుండె కేసులన్నీ లెక్కవేశారు. జర్మనీ జట్టు ఆడిన రోజుల్లో ఆ కేసులు మామూలు రోజుల కంటే 2.66 రెట్లు వచ్చాయి. మగవాళ్ళలో 3.26 రెట్లు, ఆడవాళ్ళలో 1.82 రెట్లు. ఆట మొదలైన తరువాత రెండు గంటలలోపే ఎక్కువ మంది పడిపోయారు. ఆ రోజుల్లో వచ్చిన రోగుల్లో దాదాపు సగం మంది అంతకుముందే గుండె రక్తనాళాల జబ్బు ఉన్నవాళ్ళు. 2008లో ఈ వివరాలు వైద్య పత్రికలో అచ్చయ్యాయి. ఆరోగ్యవంతుడైన పాతికేళ్ళ కుర్రవాడు దీన్ని చూసి బెదిరిపోనక్కరలేదు. అదే గోలు పక్కనున్న కొడుక్కి ఉత్సాహం, తండ్రికి పరీక్ష. ఒకే సోఫా మీద కూర్చున్నా ఇద్దరి రక్తనాళాలూ ఒకటి కావు.

"పందెం ఏమన్నా ఉందా?" అని కూడా అడిగాను. అడగక తప్పదు. డబ్బు కాసినవాడి గుండె ఇంకో రకంగా కొట్టుకుంటుంది, ఆ సంగతి ఇంట్లో చెప్పడు కూడా. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో కేంద్రం చట్టం చేసినా, చాటుమాటు పందేలు ఊళ్ళల్లో అంత తేలికగా పోవు. "అమ్మతోడు, లేదండీ" అన్నాడాయన. నమ్మాను.

అయితే అసలు విషయం అప్పటికింకా బయటికి రాలేదు.

"ఇది కూడా చెప్పండి" అని భార్య ఆయన భుజం మీద తట్టింది. ఆయన చెప్పలేదు. ఆవిడే చెప్పింది. పోయిన వారం ఇలాగే మ్యాచ్ చూసి, మూడున్నరకి టీవీ కట్టేసి, నాలుగింటికి టిక్కీల బండి తీసుకుని బయలుదేరాడు. పిడుగురాళ్ళ దాటాక బండి రోడ్డు దిగింది. పక్కన కూర్చున్న హమాలీ కేక వేసి స్టీరింగు లాగబట్టి సరిపోయింది. ఆ హమాలీ చెప్పేదాకా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ మాట వినగానే కొడుకు ముఖం పాలిపోయింది. వాడికీ అప్పుడే తెలిసింది.

గుండె దడ కంటే నన్ను భయపెట్టింది ఇది. పొద్దున 5 గంటలకు లేచిన మనిషి ఆ రాత్రి 10 గంటలకు 17 గంటలు మేలుకున్నట్టు. అన్ని గంటలు మేలుకున్నవాడి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి చురుకుదనంతో సమానమని పరీక్షల్లో తేలింది. మన దేశంలో బండి నడిపేవాడికి చట్టం ఇచ్చిన హద్దు 0.03 శాతమే. 24 గంటలు మేలుకుంటే 0.10 శాతంతో సమానం. మూడు గంటల కునుకు ఆ అప్పును కొంత తీరుస్తుందే తప్ప పూర్తిగా తీర్చదు. పైగా తెల్లవారుజాము రెండు నుంచి ఆరు వరకు శరీరం గడియారం ప్రకారమే మనిషి మత్తుగా ఉంటాడు. ఆయన జన్మలో చుక్క ముట్టలేదు. ఆ ఉదయం మాత్రం తాగినవాడిలాగే బండి తోలాడు. పోలీసుల గొట్టంలో ఊదిస్తే ఏమీ పడదు, అంతే తేడా.

"పోనీ, రేపు పొద్దున ఏడింటికి అదే మ్యాచ్ చూడొచ్చు గదా? మీరు కట్టిన చందాలో ఆ సదుపాయం ఉంది" అన్నాను కుర్రవాడితో.

"స్కోరు తెలిసిపోయాక ఏం చూస్తాం అంకుల్?"

"తెలియకుండా చూసుకో. పొద్దున లేవగానే ఫోను తెరవకు. స్నేహితుల గ్రూపుని ఆ రాత్రికి నోరు మూయించు."

ఇంతలో తండ్రి అన్నాడు, "డబ్బు కట్టాం గదండీ. చూడకపోతే వృథా."

ఈ మాట నేను చాలా ఇళ్ళల్లో విన్నాను. పెళ్ళిలో కడుపు నిండినా, ఆకులో వడ్డించారు గదా అని గారె మింగినట్టు ఉంటుంది ఇది. కేబుల్ డబ్బు కట్టిన రోజుల్లో ఎవరూ రాత్రంతా కూర్చుని అన్ని ఛానళ్ళూ చూడలేదు. ఒక ఆట కోసం విడిగా కట్టిన డబ్బు మాత్రం మనిషిని కుర్చీకి కట్టేస్తుంది. నచ్చిన జట్టు ఆడకపోయినా, నిద్ర ముంచుకొస్తున్నా, కట్టాం గనుక చూస్తున్నారు. చందా ఎంతో ఆవిడ చెప్పింది. నెలకు సగటున పడేది ఆయన బి.పి. మాత్రల ఖర్చుకు అటూ ఇటూగా ఉంది. నేను చందా మానమనలేదు. ఉన్న ఒక సరదాను మాన్పిస్తే ఆయన నా దగ్గరికి రావడం మానేస్తాడు, మ్యాచ్ మాత్రం మానడు. అయితే సీజను అయిపోయాక కూడా ఖాతాలోంచి చందా దానంతటదే తెగిపోతుంటుంది, అది చూసుకోమన్నాను. 2021 అక్టోబరు 1 నుంచి అమలులో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం అలా డబ్బు తీసుకునే ముందు 24 గంటలు ముందుగా కబురు రావాలి. ఆ కబురు చదవకుండా తుడిచేస్తే ఎవరేం చేస్తారు?

ఆయనకు నేను చెప్పినవి ఇవి. మాత్ర రాత్రి నుంచి పొద్దుటికి మార్చాను, పళ్ళు తోముకున్న వెంటనే వేసుకోవాలి. బ్రిటన్‌లో 21 వేల మంది మీద చేసి 2022లో ప్రకటించిన పరిశీలనలో రక్తపోటు మాత్ర పొద్దున వేసుకున్నా, రాత్రి వేసుకున్నా గుండెకు కలిగే రక్షణలో తేడా లేదని తేలింది. మరచిపోని వేళే మంచి వేళ. మీరు మాత్రం మీ డాక్టరుతో చెప్పకుండా వేళ మార్చకండి. కాఫీ సాయంత్రం నాలుగు తరువాత వద్దు. దానిలోని కెఫీన్ సగం తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. అర్ధరాత్రి బజ్జీలకు బదులు ఆకలైతే మజ్జిగో, అరటిపండో. గుంటూరులో గుండె డాక్టరుకి చూపించి ఎకో, నడిపించి చేసే పరీక్ష చేయించుకోవాలి. ఆ రిపోర్టులు నేను చూసేదాకా రాత్రి మ్యాచ్‌లు లేవు. ఆ తరువాత కూడా మర్నాడు బండి ఎక్కేది ఉంటే లేవు. ఈ చివరి దానిలో బేరం లేదని కొడుకు ముందే చెప్పాను. 2026 జూన్ 11 నుంచి జూలై 19 దాకా పెట్టిన ప్రపంచ కప్పుకు వేదిక అమెరికా, కెనడా, మెక్సికో. అక్కడి మధ్యాహ్నం మనకి అర్ధరాత్రి. యూరప్ ఆటల కంటే అవి మన నిద్రకు ఇంకా పెద్ద గండం.

ఆవిడను పక్కకు పిలిచి మరో సంగతి చెప్పాను. ఇంకోసారి ఇలా దడ, చెమట వచ్చినా, ఛాతీ మీద బరువు పెట్టినట్టున్నా, నొప్పి దవడకో ఎడమ చేతికో పాకినా, ఆయాసం వచ్చినా సోడా ఇవ్వవద్దు. గ్యాసా, గుండెపోటా అన్నది ఇంట్లో తేలే విషయం కాదు. మధుమేహం ఉన్నవాళ్ళకైతే నొప్పి లేకుండా చెమట మాత్రమే పట్టవచ్చు. పక్కింటివారి నాలుక కింద మాత్ర తెచ్చి పెట్టవద్దు. వెంటనే 108కి ఫోను చెయ్యాలి. ఆయన "నేనే బండి తీస్తాను" అంటారు, తియ్యనివ్వకూడదు.

మూడు వారాల తరువాత ముగ్గురూ వచ్చారు. రక్తనాళాల్లో అడ్డంకి ఉన్న సూచనలేమీ లేవని గుంటూరు రిపోర్టుల్లో ఉంది. గుండె గోడ కొంచెం మందంగా ఉంది, అది ఆరేళ్ళ రక్తపోటు చేసిన పని. బి.పి. 138/86.

"మ్యాచ్‌లు?" అన్నాను.

"పొద్దున ఏడింటికి చూస్తున్నామండీ. వీడు స్కోరు ముందే చూసేస్తున్నాడు. మొన్న గోలు పడకముందే నవ్వాడు" అని తండ్రి కొడుకు మీద ఫిర్యాదు చేశాడు. నాలుగింటి బండికి ఒక డ్రైవరును మాట్లాడుకున్నారట. ట్రిప్పుకి ఇంత అని ఇస్తున్నారు. ఆ డబ్బు కోసం ఒక చందా తీసేశారు. ఏది తీసేయాలన్న దాని మీద ఇంట్లో రెండు రోజులు గొడవ జరిగిందని ఆవిడ చెప్పింది.