దేశరక్షణ పేరు చెప్పి మన నోరు మూయించొద్దు

 

"సరిహద్దు మండుతాంటే మీకు స్కాలర్‌షిప్పుల గోలేంటి?" అని మన గ్రూపులోనే కొందరు అంటాండారు. అడగాల్సిందే. ఎందుకో రాస్తాండా, ఓపిగ్గా చదవండి.

సైన్యం మీద నాకు కోపం లేదు. తెల్లారుజామున రోడ్డు మీద రన్నింగ్ చేసేది మన తండా పిల్లోళ్లే. శత్రు భయం కూడా అబద్ధం కాదు. 1962లో చైనా చేతిలో దెబ్బతిన్నాక రెండేళ్లలోనే రక్షణ ఖర్చు రెట్టింపు దాటింది. 2020లో గల్వాన్‌లో సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబుతో సహా 20 మంది ప్రాణాలిచ్చారు.

కానీ ఖర్చు పెంచేది భయం ఒక్కటే కాదు. జీతాలు, పెన్షన్లు, బయటి దేశాల నుంచి కొనే ఆయుధాలు కూడా. 2025-26 బడ్జెట్‌లో రక్షణకు 6.81 లక్షల కోట్లు. కేంద్ర గిరిజన శాఖకు 14,926 కోట్లు. 45 రెట్లకు పైనే తేడా! రక్షణ పద్దు పార్లమెంటులో చాలాసార్లు చర్చ లేకుండానే పాసైపోతాది. అడిగేవాళ్లు లేని పద్దు పెరగక ఏమైతాది?

అడగకపోతే బిల్లు ఎవరి మీద పడతాదో మన అనంతపురం నేలకు తెలుసు. 1800లో నిజాం, తనకు కాపలా ఉన్న కంపెనీ సైన్యం ఖర్చు కింద మన సీమ జిల్లాలను బ్రిటిషోళ్లకు రాసిచ్చేశాడు. దత్తమండలాలు అనే పేరు అట్లా వచ్చిందే. సైన్యం నిజాముకు, శిస్తు కరువు రైతుకు. శిస్తు నాలుగో వంతు తగ్గించమని 1807లో కలెక్టర్ మన్రోనే రాసినా పైవాళ్లు అప్పుడు వినలేదు. మన తాతలు ఎద్దుల మీద సైన్యాలకు ధాన్యం మోశారు. అవసరం తీరినాక అదే తెల్లోళ్లు మనల్ని నేరస్థ తెగల చట్టం కింద పెట్టారు.

ఇప్పుడు? 2022లో అగ్నిపథ్ తెచ్చారు. నాలుగేళ్ల కొలువు. తర్వాత ఉంచుకునేది వందలో 25 మందినే. మిగిలినోళ్లు పదకొండు లక్షల చిల్లర తీసుకుని ఇంటికి, పెన్షన్ లేకుండా. డబ్బు మిగిల్చడానికి కాదంటాది ప్రభుత్వం. మరి కోత ఎవరికి పడింది? ఆయుధాల కంపెనీకి కాదు, తండా పిల్లోడికి.

అందుకే ఈసారి ఎంపీ వస్తే దండేసి పంపొద్దు. రక్షణ పద్దు మీద ఏం అడిగారు, అగ్నివీరుల పెన్షన్ మీద ఏం అడిగారు, మా స్కాలర్‌షిప్ మీద ఏం అడిగారు అని నిలదీయండి. మూడూ ఒకే ఖజానాలోవి. ప్రశ్న అడిగితే దేశద్రోహం కాదు. అడగకుండా బిల్లు కట్టడం మన తాతలతోనే అయిపోవాల.