మైనస్ 1ని ఎందుకు కొట్టేస్తున్నాం?

ఇంటర్ ఫస్టియర్ మ్యాథ్స్ 1ఏలో ఇన్వర్స్ ట్రిగొనామెట్రీ మనందరం చదివిందే. అందులోంచి ఒక మామూలు లెక్క తీసుకుందాం.

టాన్ ఇన్వర్స్ 2ఎక్స్ + టాన్ ఇన్వర్స్ 3ఎక్స్ = 45°

రెండు వైపులా టాన్ తీసుకుంటే 6ఎక్స్² + 5ఎక్స్ − 1 = 0 వస్తది. జవాబులు 1/6, −1. చివర్లో "−1 పనికిరాదు" అని ఒక ముక్క రాసి అయిపోయిందనుకుంటాం. నన్నడిగితే ఆ ముక్కే అసలు లెక్క. మిగతాది టెన్త్ క్లాస్ క్వాడ్రాటిక్.

−1ని మొదటి సమీకరణంలో పెట్టి చూడండి. ఎడమవైపు −135° వస్తది. 45°కి, −135°కి టాన్ విలువ ఒక్కటే, 1. కానీ అవి సరిగ్గా ఎదురెదురు దిక్కులు. టాన్ తీసుకున్న క్షణంలోనే ఆ తేడా చెరిగిపోయింది. తర్వాత క్వాడ్రాటిక్‌లో ఎన్నిసార్లు చెక్ చేసినా రెండు జవాబులూ పాసైతయి.

"ఈఏపీసెట్‌లో 180 నిమిషాలకు 160 ప్రశ్నలు, ఇదంతా ఆలోచించే టైమ్ ఎక్కడిది?" అంటారు. నిజమే. కానీ ఎక్స్ నెగెటివ్ అయితే రెండు టాన్ ఇన్వర్స్‌లూ నెగెటివే కదా, కలిపితే 45° ఎట్లైతది? రేంజ్, అంటే వ్యాప్తి, అర్థమైతే ఒక్క చూపు చాలు. అంతకన్నా పెద్ద షార్ట్‌కట్ ఏముంది?

ఇంజినీరింగ్‌కు వచ్చాక ఆప్షన్లు ఉండవు. కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ ఏ దిక్కో చెప్పే ప్రోగ్రామ్ రాస్తున్నామనుకోండి. ఆదిలాబాద్ వాయవ్యంలో ఉంటది, అంటే ఉత్తరానికి ప్లస్, తూర్పుకు మైనస్. ఒకదాన్ని ఇంకోదానితో భాగించి సీ లాంగ్వేజ్‌లోని ఏటాన్‌కు ఇస్తే, అది ఆగ్నేయం చూపిస్తది. ఆదిలాబాద్ పోవాల్సినోళ్లు వరంగల్ దిక్కు బయల్దేరుతరు! భాగించాక మైనస్ ఏ సంఖ్యదో తెలియదు, ఏటాన్ రేంజేమో −90° నుంచి 90° దాకానే. ఎర్రర్ మెసేజ్ కూడా రాదు. అందుకే రెండు సంఖ్యలనూ విడివిడిగా తీసుకునే ఏటాన్2 అనే ఫంక్షన్ పెట్టారు.

కాబట్టి జూనియర్లకు చెప్పేటప్పుడు ఫార్ములా కన్నా ముందు గ్రాఫ్ గీసి చూపిద్దాం. −1ని కొట్టేయమని చెప్పేముందు, ఎందుకో వాళ్లతోనే చెప్పిద్దాం.