అధికారము – అప్పగింత

అధికారము అప్పగింత సొత్తేగాని సొంత సొత్తు కాదని మా యభిప్రాయము. దీనిని మఱచిన చిన్న యుద్యోగియు గొప్ప యనర్థము తేగలడు.

గూడెము డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ నర్సీపట్నము నుండి లంబసింగికి బాట వేయించుచు, కొండవారిచే బలవంతముగ పని చేయించి, న్యాయమైన కూలి యీయలేదు. అడవి చట్టములచే పోడుసాగు కోల్పోయిన వారికిది పుండుమీద కారమయ్యెను. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు వారిని వెంటబెట్టుకొని చింతపల్లి పోలీసు ఠాణాపై బడెను. బాస్టియనొక్కడే కాదు, అతనిని అదుపులో నుంచని పైవారును దీనికి బాధ్యులు.

బల్లపై అల్లరివారి పేళ్లు వ్రాయు మానిటరుకును ఇదియే న్యాయము. స్నేహితుని పేరు విడిచి, గిట్టనివాని పేరు వ్రాసిననాడు అతడును చిన్న బాస్టియనే. విద్యార్థులారా! రేపు మీలో కొందఱు అధికారులగుదురు. నేడు సుద్దముక్కను న్యాయముగ పట్టుట నేర్చుకొనుడు.