మందబుద్ధు లెవరు?

పరీక్షాఫలితములు వెలువడిన దినమున మన పట్టణములయందు రెండు విధములైన యిండ్లు గోచరించును. ఒక యింట మిఠాయిలు పంచబడును. వేరొక యింట తలుపులు మూయబడును. మొదటి యింటి బాలుని ఛాయాపటము వీథికూడళ్లయందు వెలయును. రెండవ యింటి బాలుని గూర్చి యడుగువాడు లేడు. నేటి మా ప్రసంగము ఈ రెండవ బాలుని గూర్చియు, వాని చేయి విడువని యుపాధ్యాయుని గూర్చియు.

ఇది స్వల్పవిషయమని తలపరాదు. 2019వ సంవత్సరము ఏప్రిల్ మాసమున తెలంగాణములో ఇంటర్మీడియేటు ఫలితములు ప్రకటింపబడగా మూడులక్షలకు పైగా విద్యార్థులు తప్పిరి. ఫలితముల తయారీయందే పొరపాట్లు దొర్లెనని పిదప తేలినది. ఆ దినములలో ఇరువదిమందికి తక్కువగాకుండ బాలబాలికలు ప్రాణములు తీసికొనిరని వార్తలు వచ్చినవి. పరీక్ష తప్పినచో బ్రతుకే తప్పినదని పసివారు భ్రమపడుచున్నారనిన, ఆ భ్రమను వారికి నేర్పినది మనమే.

మందబుద్ధి యను మాట మనలో మిక్కిలి సులభముగ ప్రయోగింపబడుచున్నది. ఆ మాట పలికినతోడనే పంతులు బాధ్యత తీరును. బాలుని భవిష్యత్తు మూతపడును. విచారించి చూచినచో ఆ పేరుక్రింద పలువిధములైన బాలురు గలరు. నల్లబల్లమీది యక్షరములు కంటికానక వెనుకవరుసలో మౌనముగ గూర్చుండువా డొకడు. పత్తి తీయుకాలమున చేలకేగి, తిరిగి వచ్చునప్పటికి పాఠములు పది దాటిపోయినవా డొకడు. కూలికై వలసపోవు తల్లిదండ్రులవెంట ఏటేట బడి మారువా డొకడు. ఇంట కోయయో లంబాడీయో మాటలాడి బడిలో వేరొక భాష వినువా డొకడు. తెలివికి లోటు లేకున్నను అక్షరమును ధ్వనిని జతపరచుట కష్టమగు డిస్లెక్సియా గలవా డొకడు. ఇట్టి యిబ్బందిని 2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము సైతము గుర్తించినది. వీరందరికి నొకే పేరు పెట్టుట, రోగములన్నిటికి నొకే మందు పోయుటవంటిది.

లెక్క యింకను స్పష్టముగ చెప్పును. గ్రామీణ భారతమున అయిదవ తరగతి పిల్లలలో రెండవ తరగతి పాఠమును చదువగలవారు నూటికి 43గురు మాత్రమేయని 2022లో 'అసర్' నివేదిక తెలిపినది; 2024లో ఆ సంఖ్య 49 వరకు పెరిగినది. దేశమున సగముమంది పిల్లలు మందబుద్ధులని యెవరు నమ్ముదురు? సగము తరగతి వెనుకబడినప్పుడు తప్పు బోధనాక్రమమునదే గాని పిల్లలది కాజాలదు. మూడవ తరగతిలో తీసివేత పట్టువడని బాలునకు అయిదవ తరగతిలో భాగహార మెట్లు పట్టువడును? పాఠ్యపుస్తకము ముందునకు సాగును; బాలుడు మాత్రము ఆ తీసివేతయొద్దనే నిలిచియుండును. వానికొరకు వెనుకకు నడచివచ్చువాడే యుపాధ్యాయుడు.

ఈ సత్యము మన పూర్వులకు తెలియనిది కాదు. పంచతంత్రమునకు పునాదియైన కథ యేది? చదువునకు విముఖులైన మువ్వురు రాకుమారులను విష్ణుశర్మ యారునెలలలో నీతికోవిదులను గావించుట. ఆయన వారిని కోదండము వేయలేదు, గోడకుర్చీ వేయించలేదు. శాస్త్రము తలకెక్కనివారికి కాకిని, తాబేలును, ఎలుకను ముందుంచి చెప్పెను. శిష్యులు మారకముందే బోధ మారినది.

దూరపు మాట యేల? గిడుగు రామమూర్తి పంతులుగారి (1863–1940) భాషావాదముతో నేకీభవింపనివారు ఆ కాలమున పెక్కురుండిరి. కాని పర్లాకిమిడిలో నుపాధ్యాయుడైయుండి ఆయన చేసిన యొక పని వివాదమున కతీతమైనది. ఆయన తానుగా సవరభాష నేర్చికొనెను. ఆ భాషలో వాచకములు వ్రాసెను. సవరపిల్లలకు బడులు పెట్టించెను. శిష్యునకు గురువు భాష రానప్పుడు గురువే శిష్యుని భాష నేర్చికొనుట! ఓర్పునకు ఇంతకంటె నిర్వచనము మే మెరుగము.

ఓర్పనిన చూచిచూడనట్లూరకుండుట కాదు. రాని పిల్లవానికి వచ్చినదని మార్కులు వేయుట అసలే కాదు. ఒకే విషయమును నాల్గవమారు నాల్గవ మార్గమున చెప్పుట యోర్పు. ఈ బాలుడు రేపు నేర్చునని నేడు నమ్ముట యాశ.

ఇది కేవలము నీతిబోధ కాదు, శాసనము సైతము. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టములో 24వ సెక్షను, ప్రతి బాలుని నేర్చుకొను శక్తిని గుర్తించి, అవసరమైనచో నదనముగ బోధించుట యుపాధ్యాయుని విధియని చెప్పుచున్నది. 17వ సెక్షను దేహదండనను, మానసిక హింసను నిషేధించినది. ఎనిమిదవ తరగతి ముగియువరకు నెవరిని నదే తరగతిలో నిలుపరాదని 16వ సెక్షను మొదట శాసించెను. 2019లో దానిని సవరించి, 5, 8 తరగతులలో పరీక్ష పెట్టి, తప్పినవారికి రెండునెలలలో మరల నవకాశమిచ్చి, అప్పటికిని తప్పినచో నిలుపుటకు వీలు కల్పించిరి. 2024 డిసెంబరులో కేంద్రప్రభుత్వము తన పాఠశాలలకు ఆ నియమమును వర్తింపజేసినది.

నిలుపవలెనా, త్రోయవలెనా యని పండితులు వాదించుచున్నారు. మా యభిప్రాయమున ఈ రెండును ప్రశ్నకు జవాబులు కావు. చదువు చెప్పక పైతరగతికి త్రోయుట మోసము. చదువు చెప్పక అదే తరగతిలో నిలుపుట శిక్ష. ఆ రెండునెలల యదనపు బోధన నిజముగ జరుగునా, లేక కాగితముమీదనే నిలుచునా యనునదే ప్రాణప్రశ్న. మార్గము లేకపోలేదు. దినమునకు కొంతసేపు పిల్లలను తరగతినిబట్టి గాక, వచ్చిన చదువునుబట్టి జట్లుగా గూర్చి బోధించు పద్ధతిని 'ప్రథమ్' సంస్థ దేశమున ననేక తావుల నడపి చూపినది. 2019లో నోబెల్ బహుమానము పొందిన అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో మొదలగువారు దాని ఫలితమును పరిశోధించి నిర్ధారించిరి.

వెనుకబడినవారికై ఆగినచో చురుకైనవారు నష్టపోవుదురని కొంద రందురు. చురుకైన బాలుడు తోటివానికి చెప్పుచు తానే యెక్కువ నేర్చునని బడి నడపిన ప్రతి పంతులు నెరుగును. ఒక్క పంతులే యైదు తరగతులను చూచుచుండ ఓర్పెక్కడిదని వేరొక యాక్షేపణ. ఇది న్యాయమైనది. అరువదిమంది వరకు పిల్లలున్న ప్రాథమికపాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులుండవలెనని చట్టమే చెప్పినది. జనగణన, విపత్సహాయము, ఎన్నికలు దక్క నితర పనులకు వారిని వాడరాదని 27వ సెక్షను చెప్పినది. ఖాళీలు నింపక, పట్టికలు నింపించుచు, పంతులు నోర్పుగా నుండుమనుట ప్రభుత్వములకు తగదు. ఉపాధ్యాయుని యోర్పు ప్రభుత్వపు లోభమునకు ముసుగు కారాదు.

తక్కినది మన చేతిలోనున్నది. తల్లిదండ్రులు పొరుగింటి బాలునితో తమ బిడ్డను పోల్చుట మానుదురుగాక. గ్రంథాలయములకు వచ్చు విద్యావంతులు సాయంకాల మొక గంట ఇద్దరు పిల్లలకు చదువు చెప్పుదురుగాక. వెనుకబల్లపై గూర్చున్నవారిని ముందునకు పిలుచు పంతులును ఊరు గౌరవించుగాక. తెలివిగలవారిని మరింత తెలివిగలవారిని జేసిన బడికంటె, రాదన్నవానికి చదువు వచ్చునట్లు చేసిన బడియే జాతికి పునాదిరాయి యని మా దృఢవిశ్వాసము.