ఆపరేషన్ ఉచితం సరే, ఆ తర్వాతి నెలల మాటేమిటి?

పలమనేరు మనిషికి జబ్బు ముదిరితే ముందు తేల్చుకోవలసింది ఏ దిక్కుకు పోవాలన్నదే. తూర్పున మొగిలి ఘాట్ దిగితే చిత్తూరు, అది దాటితే తిరుపతి. దక్షిణాన గుడియాత్తం, వేలూరు. పడమట ముళబాగిలు, కోలారు, బెంగళూరు. ఇంకోవైపు కుప్పం. చుట్టూ అన్నివైపులా పెద్దాస్పత్రులే. ఊళ్లో ఉన్నది ఏరియా ఆస్పత్రి. కాన్పుకీ, జ్వరానికీ, పాముకాటుకీ జనం ముందు అక్కడికే పరుగెత్తుతారు. గుండె, కిడ్నీ, క్యాన్సర్ అనేసరికి బస్సో బాడుగ కారో ఎక్కక తప్పదు.

ఆ బస్సు ఎక్కిన దగ్గర్నుంచి ఇంటి లెక్క తప్పడం మొదలవుతుంది. మన ఆరోగ్య పథకాలు ఆపరేషన్ బల్ల మీద ఉన్న మనిషిని చూస్తున్నాయి. ఆ బల్ల దాకా రావడానికి పట్టిన నెలలనూ, అక్కణ్నుంచి దిగాక మంచం మీద గడిపే నెలలనూ దాదాపుగా చూడడం లేదు. పలమనేరు, గంగవరం, పెద్దపంజాణి, బైరెడ్డిపల్లె, వి.కోట మండలాల్లో చిన్న రైతు కుటుంబాలు చితికిపోతున్నది ఆ ముందూవెనకా నెలల్లోనే అని నా వాదన.

2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు అది పేదవాడికి నిజంగా కొత్త ఊపిరి. అంతకుముందు గుండె ఆపరేషన్ అంటే పొలం అమ్మడమో, ప్రాణం మీద ఆశ వదులుకోవడమో. ఇప్పుడది ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో నడుస్తోంది. 2023 డిసెంబరులో పరిమితిని 25 లక్షల రూపాయలకు పెంచారు. బకాయిలు అందలేదని నెట్‌వర్క్ ఆస్పత్రులు సేవలు ఆపేసిన సందర్భాలు అన్ని ప్రభుత్వాల హయాంలోనూ ఉన్నా, ఈ పథకం వల్ల బతికినవాళ్లు ప్రతి పల్లెలో కనిపిస్తారు. దాన్ని తక్కువ చేసి మాట్లాడడం అన్యాయం. కానీ పరిమితి 25 లక్షలైనా కోటి అయినా ఆ డబ్బు ఆస్పత్రికి చేరుతుంది. ఇంట్లో పొయ్యి వెలిగించేది వేరే డబ్బు.

ఆ వేరే డబ్బు పలమనేరు ప్రాంతంలో ఎక్కువగా పాల నుంచి వస్తుంది. రెండు మూడు జెర్సీ, హెచ్ఎఫ్ ఆవులున్న ఇంటిని తీసుకోండి. తెల్లవారుజామున లేచి పేడ తీసి, దాణా పెట్టి, పాలు పిండి, కేంద్రానికి తీసుకెళ్లి పోసేది చాలా ఇళ్లల్లో ఆడమనిషే. మళ్లీ సాయంత్రం అదే పని. వెన్న శాతం చూసి పుస్తకంలో రాస్తారు, బిల్లు పదిహేను రోజులకోసారి వస్తుంది. అందులో దాణా బాకీ పోగా మిగిలిందే అంగడి సరుకులకీ, పిల్లల ఫీజులకీ. ఇంటాయనకు జబ్బు చేసి వేలూరులోనో తిరుపతిలోనో చేర్చారనుకోండి, తోడుగా పోవలసింది కూడా ఆమే. ఆమె పోతే ఆవుల మాటేమిటి? సంకరజాతి ఆవును ఒక్క పూట పిండకపోయినా పొదుగు బిగుసుకుంటుంది, రెండు పూటలు దాటితే పొదుగువాపు పట్టుకోవచ్చు. ఒకసారి పట్టుకుంటే ఆ రొమ్ము మళ్లీ మునుపటిలా పాలివ్వకపోవచ్చు. మనిషిని చూసుకోవడానికి పోయి ఆవును పోగొట్టుకున్న ఇళ్లున్నాయి. ఆస్పత్రి ఖర్చుల కోసం ఉన్న ఆవునే సంతకు తోలిన ఇళ్లు ఇంకా ఎక్కువ.

అప్పుడు ఆదుకునేది పక్కింటివాళ్లే. నాలుగు రోజులు వాళ్లే వచ్చి పాలు పిండి, ఆ ఇంటి పుస్తకంలోనే పోయించి, లెక్క తప్పకుండా అప్పజెబుతారు. పొదుపు సంఘంలో ఆ నెల కంతు మిగతావాళ్లు సర్దుతారు. చీటీపాట ఎవరికి పోవలసి ఉన్నా, కష్టంలో ఉన్న ఇంటికి ముందు వదిలేస్తారు. బంధువుల్లో ఎవరో మెడలోది తీసిచ్చి కుదువ పెట్టుకోమంటారు. ఏ కార్డూ లేని, ఏ ప్రీమియమూ లేని బీమా ఇది. ఈ ప్రాంతంలో పేద కుటుంబాలు పెద్ద జబ్బుల నుంచి ఇంతో అంతో తేరుకుంటున్నాయంటే సగం పుణ్యం ఈ ఇరుగుపొరుగుదే. ప్రభుత్వ నివేదికల్లో ఎక్కడా దీని ప్రస్తావన ఉండదు.

అయితే ఆదుకునే చేతులే ఇప్పుడు బలహీనపడుతున్నాయి. ఇక్కడి చిన్న పల్లెల కష్టాలు విడివిడిగా చూస్తే మామూలుగానే కనిపిస్తాయి, కలిపి చూస్తేనే భయం వేస్తుంది. టమాటా సంగతే చూడండి. 2023 జులైలో మదనపల్లె మార్కెట్‌లో కిలో దాదాపు 200 రూపాయల దాకా పోయింది. కోత కూలి కూడా గిట్టక పంటను రోడ్డు పక్కన పారబోసిన సీజన్లు అంతకుముందూ ఉన్నాయి, ఆ తర్వాతా ఉన్నాయి. చిత్తూరు సహకార డెయిరీ 2002లో మూతపడింది. రైతులు తమదనుకున్న సంస్థ పోయాక ధర మీద పట్టు కూడా చేజారింది. కౌండిన్య అడవి అంచు పల్లెల కథ ఇంకొకటి. హోసూరు, ధర్మపురి, ఆనేకల్ అడవుల నుంచి 1980లలో ఏనుగులు ఇటు రావడం మొదలైంది. 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. అప్పటినుంచీ వరి, చెరకు, అరటి, మామిడి తోటల దగ్గర రాత్రి కాపలా ఆ పల్లెల బతుకులో భాగమైపోయింది. రక్తపోటు మాత్రలు మింగే యాభై ఏళ్ల రైతు నెలల తరబడి నిద్ర మేలుకొని టపాకాయలు, టార్చిలైటు పట్టుకొని చేను గట్టున కూర్చుంటున్నాడు. ఇది వ్యవసాయ సమస్యో, అటవీ సమస్యో, ఆరోగ్య సమస్యో చెప్పమంటే ఏ శాఖా తనదని ఒప్పుకోదు. చదువుకున్న పిల్లలు బెంగళూరు పోతున్నారు. పోవద్దని ఎవరనగలరు? కానీ పక్కింట్లో పాలు పిండడానికి మిగిలినవాళ్లకూ అరవై దాటుతోంది, వాళ్లకూ మోకాళ్ల నొప్పులు.

పల్లెల్లో ఇప్పుడు ఎక్కువగా కనిపిస్తున్న జబ్బులేమో ఒక్క ఆపరేషన్‌తో తీరేవి కావు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో దాదాపు 29 శాతం, ఆడవాళ్లలో 25 శాతం రక్తపోటు ఉన్నవాళ్లు, లేదా దానికి మందులు వాడుతున్నవాళ్లు. చక్కెర జబ్బు లెక్కలో మగవాళ్లు 22 శాతం, ఆడవాళ్లు 20 శాతం దరిదాపుల్లో ఉన్నారు. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత. వీళ్లకు కావలసింది నెలనెలా మాత్ర, మూడు నెలలకోసారి పరీక్ష, ఒకే డాక్టరు పదేపదే చూడడం. అది దొరకనప్పుడే కిడ్నీ దెబ్బతింటుంది, పక్షవాతం వస్తుంది, కాలి పుండు మానక వేలు తీసేయాల్సి వస్తుంది. అంతదాకా వచ్చాక పథకం వర్తిస్తుంది. చేయి జారకముందు, రెండు మూడు వందల రూపాయల మాత్రల దగ్గర ఆదుకోవలసిన వ్యవస్థ, చేయి జారాక లక్షలు కడుతోంది. దీన్ని ఎవరైనా పొదుపు అనగలరా?

జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం దేశంలో మొత్తం వైద్య ఖర్చులో జనం సొంత జేబులోంచి పెడుతున్న వాటా 2013-14లో 64.2 శాతం. 2021-22 నాటికి 39.4 శాతానికి తగ్గింది. ఇది మంచి మార్పే. కానీ ఆ లెక్కలోకి వచ్చేది వైద్యానికి పెట్టిన ఖర్చే. కూలి పోయిన రోజులు రావు, అమ్ముకున్న ఆవు రాదు, కుదువ పెట్టిన గాజుల మీద వడ్డీ రాదు. కాగితం మీద తగ్గిన భారం ఇంట్లో తగ్గినట్టు కనిపించకపోవడానికి కారణం అక్కడుంది.

పలమనేరుకు మరో ప్రత్యేక చిక్కు ఉంది, అది సరిహద్దు. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా పలమనేరు, వేలూరు రెండూ ఉత్తర ఆర్కాటు జిల్లాలోనివే. అంతకు పదకొండేళ్ల ముందే, 1900లో, డాక్టర్ ఐడా స్కడర్ వేలూరులో ఒకే ఒక్క మంచంతో చిన్న వైద్యశాల తెరిచింది. అదే ఇప్పటి సీఎంసీ ఆస్పత్రి. అందుకే ఇక్కడి పెద్దవాళ్లకు వేలూరు పరాయి రాష్ట్రంగా ఎప్పుడూ తోచలేదు. తాతకు అక్కడే చూపించారు, తండ్రికి అక్కడే చూపించారు, పాత ఫైళ్లన్నీ అక్కడే ఉన్నాయి. పథకం కార్డు మాత్రం ఆంధ్రప్రదేశ్‌ది. ఏ ఆస్పత్రి జాబితాలో ఉంది, ఏ జబ్బుకు ఉంది, ఏ కాగితం కావాలి అన్నది బయలుదేరేముందు చెప్పే మనిషి ఊళ్లో లేడు. అంతదూరం వెళ్లాక, కౌంటరు దగ్గర నిలబడ్డాక తెలుస్తుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు పలమనేరుకు రెవెన్యూ డివిజన్ హోదా దక్కింది, సంతోషం. రుయా, స్విమ్స్ ఆస్పత్రులు మాత్రం తిరుపతి జిల్లాకు పోయాయి.

జబ్బు ఖర్చంటే మందు ఖర్చొక్కటే అనుకోకూడదని మన ప్రాంతానికి ఎప్పుడో తెలుసు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో క్షయ ఆస్పత్రి మొదలైంది. అప్పట్లో ఆ జబ్బుకు మందు లేదు. మంచి గాలి, మంచి తిండి, నెలల తరబడి విశ్రాంతి, అంతే వైద్యం. కోలుకోవడానికి పట్టే కాలాన్ని వైద్యంలో భాగంగా లెక్కగట్టిన చోటు అది. మందులు వచ్చాక మద్రాసులో 1956లో మొదలైన అధ్యయనం ఇంకో సంగతి నిరూపించింది. క్షయ రోగులు ఇంటి దగ్గరే ఉండి క్రమం తప్పక మందులు వాడినా ఆస్పత్రిలో ఉన్నవాళ్లలాగే కోలుకుంటారని తేలింది. ప్రపంచమంతా క్షయ వైద్యాన్ని ఇంటి ముంగిటికి తెచ్చిన ఫలితమది. 2018 నుంచి నిక్షయ్ పోషణ్ కింద క్షయ రోగికి తిండి కోసం నెలకు 500 రూపాయలు ఇస్తూ వచ్చారు, 2024 నవంబరు నుంచి దాన్ని 1,000 చేశారు. మందుతోపాటు తిండి కూడా వైద్యమేనని కేంద్ర ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు కదా.

రాష్ట్రంలోనూ అలాంటి ఒప్పుకోలు ఉంది. 2019 డిసెంబరులో మొదలైన ఆరోగ్య ఆసరా ఆపరేషన్ తర్వాత విశ్రాంతి తీసుకునే రోజులకు రోజుకు 225 రూపాయల చొప్పున, నెలకు 5,000 మించకుండా ఇచ్చింది. డిశ్చార్జి కాగితంలో డాక్టరు రాసే ‘ఆరు వారాలు బరువులు ఎత్తొద్దు’ అన్న మాటను పాటించే వీలు మొదటిసారిగా కూలివాడికి కలిగింది. చేతిలో రూపాయి లేనివాడు రెండో వారానికే గడ్డిమోపు ఎత్తుతాడు, కుట్లు విప్పుకుంటాయి, మళ్లీ ఆస్పత్రి. డయాలిసిస్ రోగులకు, మంచం పట్టినవాళ్లకు ప్రత్యేక పింఛన్లు కూడా అలాంటివే. ఇప్పుడు డయాలిసిస్ పింఛను నెలకు 10,000. చాలామందికి వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు డయాలిసిస్ తప్పదు. నెలకు పన్నెండు పదమూడు ప్రయాణాలు, ప్రతిసారీ ఒక తోడు మనిషి, ఆ మనిషికి పోయిన కూలి. పదివేలు ఎలా ఖర్చవుతాయో లెక్క వేయడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. పథకాలకు ఎవరి పేరున్నా నాకు అభ్యంతరం లేదు. ప్రభుత్వం మారినప్పుడల్లా రోగి విశ్రాంతి మీద రాజకీయం చేయడమే సహించలేను.

కాబట్టి అడగవలసినవి సూటిగా అడుగుదాం. పెద్ద ఆపరేషన్ తర్వాత విశ్రాంతి కాలానికి భత్యాన్ని ఏ పేరుతోనైనా సరే చట్టబద్ధమైన హక్కుగా నిలబెట్టాలి. దాన్ని ఉపాధి హామీ కూలితో ముడిపెట్టాలి, తోడుగా ఉండే మనిషికీ కొంత వర్తింపజేయాలి. బీపీ, చక్కెర మందులు పల్లె ఆరోగ్య కేంద్రంలో నెలకు సరిపడా ఒకేసారి ఇవ్వాలి. పది రోజులకిచ్చి మళ్లీ రమ్మంటే పాలు పోసే ఆమె రాలేదు. పలమనేరు ఏరియా ఆస్పత్రిలో మంజూరైన ప్రతి స్పెషలిస్టు పోస్టులోనూ డాక్టరు ఉండాలి, వారానికో రోజైనా గుండె, కిడ్నీ నిపుణులు తిరుపతి నుంచి రావాలి. వేలూరు, కోలారు, బెంగళూరు వెళ్లే రోగులకు ఏ ఆస్పత్రిలో ఏది వర్తిస్తుందో ముందే చెప్పి, కాగితాలు సర్ది పంపే ఒక సహాయ కేంద్రం డివిజన్ కేంద్రంలో పెట్టడానికి కోట్లు అక్కర్లేదు, ఇద్దరు ఉద్యోగులు, ఒక ఫోను చాలు. మూడు రాష్ట్రాలు నదీ జలాల మీద చర్చించుకోగలిగినప్పుడు రోగుల కార్డుల మీద ఒక ఒప్పందానికి రాలేవా?

ఆసరా మొదలైన 2019-20లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 211 రూపాయలు. కోలుకునే మనిషికి అంతకంటే 14 రూపాయలు ఎక్కువే ఇవ్వాలని ఆ రోజు రాష్ట్రం నిర్ణయించింది. 2025-26లో ఆ కూలి 307 రూపాయలైంది. మంచం మీదున్న మనిషి రోజుకు ఇవాళ ఎంత విలువ కడుతున్నారో వచ్చే బడ్జెట్‌లో ప్రభుత్వం అంకెలతో సహా చెప్పాలి.