బ్రో అంటే సరిపోతుందా?

ప్రొద్దుటూరులో నేను చదివిన స్కూల్ వరండా చివర ఒక బొమ్మ ఉండేది. గోధుమరంగు అంగీ, నడుముకి తాడు, భుజం మీద పిట్ట. పదేళ్లు దాని ముందునుంచే క్లాసుకి పోయాను. ఆయన అసీసీ ఫ్రాన్సిస్ అని, 1226లో చనిపోయాడని, 2026కి 800 ఏళ్లని ఈమధ్యే తెలిసింది. వాళ్ల నాన్న బట్టల వ్యాపారి అంట! బట్టల అంగళ్లు, బంగారం అంగళ్ల మధ్య పెరిగిన మాకు ఆ ఇల్లు ఎట్లా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. ఫ్రాన్సిస్ నాన్న అంగట్లోని బట్టలు, ఎక్కిపోయిన గుర్రంతో సహా అమ్మేసి, ఆ డబ్బు పాడుపడిన చర్చికి ఇవ్వబోయాడు. (నాన్న సొమ్ముతో పుణ్యం!) గొడవ బిషప్ దాకా పోయింది. అక్కడ ఒంటిమీది బట్టలు కూడా విప్పి నాన్నకే ఇచ్చేశాడు.

కథ బాగుంది గానీ నాకొక చిక్కు. మా నాన్న బట్టల అంగట్లో గుమాస్తా. కొలిచేది ఆయన, గల్లాపెట్టె వేరేవాళ్లది. నా ఫీజుకి తెచ్చిన అప్పు ఇంకా తీరలేదు. ఉన్నవాడు వదులుకుంటే త్యాగం, లేనివాడిని వదులుకోమంటే ఏమనాలి? పేదరికం గొప్పదని మా ఇంటికొచ్చి ఎవరైనా చెప్తే మా అమ్మ ఊరుకోదు.

నిజానికి ఫ్రాన్సిస్ అందర్నీ ఇల్లు వదలమనలేదు. సంసారం, పని ఉన్నవాళ్ల కోసం 1221లోనే ఒక నియమావళి వచ్చింది. 1978లో వచ్చిన కొత్తది కూడా అవసరాలు తగ్గించుకోమంటుంది. మంచిదే. కానీ మొదలు పెట్టాల్సింది అక్కడ కాదని నా అభిప్రాయం. చివరి రోజుల్లో రాయించిన వీలునామాలో ఆయన మొట్టమొదట గుర్తు చేసుకున్నది పిట్టల్ని కాదు, కుష్ఠురోగుల్ని. వాళ్లని చూడటమే చేదుగా ఉండేదని, వాళ్ల మధ్యకి పోయాక ఆ చేదే తీపి అయిందని చెప్పుకున్నాడు. మనం బొమ్మలో పిట్టని ఉంచుకుని రోగిని తీసేశాం. పిట్టని ప్రేమించడానికి ఏం కష్టం?

జమ్మలమడుగులో మా అవ్వ ఎండాకాలం మిద్దె మీద మట్టి మూకుడులో పిట్టలకి నీళ్లు పెడుతుంది. "పెన్నలో చుక్క లేదు, వాటికి మాత్రం దప్పి కాదా నాయనా" అంటుంది. అదే అవ్వ, కాలవ తీయడానికి వచ్చే ఆయన కోసం బయట గూట్లో ఒక స్టీలు గ్లాసు విడిగా పెట్టింది. చిన్నప్పుడు నేను దాంట్లో నీళ్లు తాగబోతే చేతిమీద కొట్టింది. ఎందుకని అడగలేదు. ఆ వయసులోనే అర్థమైపోయింది.

పులివెందుల హాస్టల్లో మాకు గూట్లో గ్లాసుల్లేవు. మేం మోడ్రన్. సీనియర్ బ్రో, జూనియర్ బ్రో, టీ అంగడి బ్రో. ఫ్రాన్సిస్ తన గుంపుకి పెట్టుకున్న పేరుకి కూడా 'చిన్న తమ్ముళ్లు' అనే అర్థం. కానీ బాత్రూములు, రూములు కడిగే ఆమె వస్తే ఫోన్లోంచి తలెత్తం, మంచం మీదికి కాళ్లు మాత్రం ఎత్తుకుంటాం. ఏడాదిన్నరగా ఆమె పేరు నాకు తెలియదు. మొన్న "అక్కా, నీ పేరేంటి?" అని అడిగా. చీపురు ఆపి, "ఏం సార్, యాడన్నా సరిగ్గా కడగలేదా?" అంది.

పేరు అడిగితే కంప్లైంట్ అనుకునేంత దూరంలో పెట్టాం ఆమెని. ఇది పెట్టుకుని క్లబ్బు తరఫున మొక్కలు నాటే ఫొటోలు పెట్టడం నాకు సిగ్గుగానే ఉంది.

సంక్రాంతికి జమ్మలమడుగు పోతున్నా. ఆ గ్లాసు ఇంకా గూట్లోనే ఉంది. దాని గురించి అడగాలని ఉంది, అవ్వంటే భయమూ ఉంది. అడగలేకపోతే, అవ్వ చూస్తుండగా దాంట్లో నీళ్లైనా తాగాలి.