మన గల్లీ పాటలు ఎవరు రాసిపెడతారు?



ఊరికి ఉత్తరాలు రాసే రోజుల్లో మనవాళ్లలో చాలామంది పైన చిరునామాలో 'కామాఠిపురా' అని రాసేవారు కాదు. 'నాగ్‌పాడా' అనో, 'బొంబాయి సెంట్రల్' అనో రాసేవారు. పిల్లకు సంబంధం చూసేటప్పుడైతే మరీ జాగ్రత్తపడేవారు. నిజానికి ఈ పేటకు ఆ పేరు వచ్చింది మనవల్లనే. పద్దెనిమిదో శతాబ్దం చివరి నుంచి నిజాం ఇలాకా వదిలి వచ్చి ఈ నగరానికి రాళ్లు మోసి, సున్నం కలిపి, గోడలు లేపిన తెలుగు కూలీలను కామాఠీలు అన్నారు. వాళ్లు స్థిరపడ్డ చోటు కామాఠిపురా అయింది. తాతల పేరు మీద ఉన్న పేటను మనవళ్లు దాచుకోవాల్సి వచ్చింది. కారణం ఏమిటో అందరికీ తెలుసు. 2022లో గంగూబాయి సినిమా వచ్చినప్పుడు, మా పేట అంటే లోకానికి అదొక్కటే కనబడుతుందా అని ఇక్కడివాళ్లు అభ్యంతరం చెప్పారు. న్యాయమైన ప్రశ్నే. కానీ మరి ఇంకేముంది, చూపించండి అని ఎవరైనా అడిగితే మన చేతిలో ఏముంది? మనం మన భాషలో మన గురించి రాసుకున్నది ఎంత? మాకు తోచినంతలో మన దగ్గర మిగిలిన దస్తావేజు ఒక్కటే: ఇంట్లో కట్టుకున్న పాటలు.

ఇంట్లో కట్టిన పాట అంటే అచ్చులో లేనిది, కవి పేరు లేనిది. రాత్రి పాళీ దిగి వచ్చిన మనిషి ఖోలీ ముందు కూర్చుని అల్లినది. బతుకమ్మ చుట్టూ తిరుగుతూ ఒక పెద్దమ్మ అప్పటికప్పుడు కలిపినది. భజన మండలిలో దేవుడి పాట బాణీలోనే జాబర్ మీద కట్టి, ముసిముసిగా నవ్వుకుంటూ పాడుకున్నది. బాణీ ఎక్కడిదైనా కావచ్చు. జానపదం కావచ్చు, మరాఠీ లావణి కావచ్చు, సినిమాది కావచ్చు. సినిమా బాణీ తగిలితే అది పాటే కాదనే పెద్దమనుషులు మన సభల్లోనూ ఉన్నారు. ఆ మాట మేము ఒప్పుకోం. పగార్ అందేలోపు సేటు దగ్గర బియ్యం ఉద్దెర తెచ్చుకున్నవాళ్లం, బాణీ ఉద్దెర తెచ్చుకుంటే తప్పేమిటి? మాట సొంతమైతే చాలు.

ఒక సంగతి గమనించండి. మిల్లు పాట మిల్లులో పుట్టలేదు. లూమ్ ఖాతాలో వందల సాంచాలు ఒక్కసారిగా కొట్టుకుంటూ ఉంటే పక్కన నిలబడ్డవాడి మాటే వినపడదు. పెదాల కదలిక చూసి, చేతి సైగ చూసి పని నడిపేవారు. కొన్నేళ్లకు చెవులు మొద్దుబారేవి. అలాంటి చోట పాట ఎక్కడ పుడుతుంది? పాట పుట్టింది బయట. పది పన్నెండుమంది పాళీల లెక్కన పడుకునే ఖోలీ ముందర, ఉమ్మడి వరండాలో, నల్లా దగ్గర బిందెల వరుసలో, ఖానావళిలో. పాళీ అంతా నోరు కట్టేసుకున్న మనిషికి నోరు తిరిగి దొరికే చోట. ఆ చోటు పోతే ఏమవుతుందో ముందు ముందు చెబుతాం.

ఈ పాటలు ఏడవడానికీ, నవ్వుకోవడానికీ మాత్రమే కాదు. వార్త మోశాయి. గేటు మీద నోటీసు పడితే అది మరాఠీలోనో, ఇంగ్లీషులోనో ఉండేది. మనవాళ్లలో అక్షరం రానివాళ్లు ఎక్కువ. ఎవరో ఒకరు చదివి చెబితే నలుగురు వినేవారు, ఆ నలుగురిలో ఒకరు రాత్రికి పాటలో పెట్టేవారు. మర్నాటికి గల్లీ అంతటికీ తెలిసేది. రాసిన వార్తను పక్కన పడేయవచ్చు గాని, పాటలో వచ్చిన వార్త నోటికి పట్టుకుంటుంది.

1982 సమ్మెనే తీసుకోండి. ఆ ఏడాది జనవరి 18న మొదలైంది. అరవైకి పైగా మిల్లులు, దాదాపు రెండున్నర లక్షలమంది కార్మికులు. జీతాల పెంపుతో పాటు బదిలీ కార్మికులను పర్మనెంట్ చేయాలనేది డిమాండ్లలో ఒకటి. గుర్తింపు ఒక్క సంఘానికే కట్టబెట్టిన 1946 నాటి చట్టం పోవాలనేది మరొకటి. ఆ సమ్మెను విరమించినట్టు ఎవరూ ఏనాడూ అధికారికంగా ప్రకటించలేదు. నాయకత్వం వహించిన దత్తా సామంత్‌ను 1997 జనవరి 16న కాల్చి చంపారు. ఇవన్నీ పుస్తకాల్లో దొరుకుతాయి. ఆ ఏడాది బతుకమ్మ నాటి పాట మాత్రం పుస్తకాల్లో లేదు. తంగేడు దొరక్క దాదర్ మార్కెట్ బంతిపూలతో పేర్చిన బతుకమ్మ చుట్టూ తిరుగుతూ, భోంగా మోగక తొమ్మిది నెలలైందని, సేటు వహీ నిండా మన పేరే ఉందని, పుస్తెలు మార్వాడీ పెట్టెలో నిద్రపోతున్నాయని ఉయ్యాల పాటలో పాడారని పెద్దవాళ్లు చెబుతారు. జనవరి నుంచి అక్టోబరు దాకా తొమ్మిది నెలలు. లెక్క కూడా తప్పలేదు. ఎంతమంది సమ్మె చేశారో చరిత్రకారుడు చెబుతాడు. ఆ తొమ్మిది నెలలు పొయ్యి ఎలా వెలిగిందో చెప్పింది ఆ ఆడవాళ్లే. ఆ పాట కట్టింది ఎవరని అడిగితే ముగ్గురు మూడు పేర్లు చెప్పారు. మిగతా చరణాలు ఏమిటంటే ఒక్కరికీ గుర్తు లేవు. మా బాధంతా ఇక్కడే.

ఈ విషయంలో మరాఠీ సోదరులు మనకన్నా ముందున్నారని ఒప్పుకోవాలి. సాంగ్లీ జిల్లా వాటేగావ్ నుంచి పొట్ట చేతబట్టుకుని బొంబాయి వచ్చి మిల్లు పని కూడా చేసిన అణ్ణాభావూ సాఠే (1920-1969), అమర్ షేక్, గవాణ్‌కర్‌లతో కలిసి లాల్ బావ్‌టా కళాపథక్ నడిపాడు. ఆయన 'మాఝీ మైనా' లావణి వినండి. పైకి చూస్తే అది ఊళ్లో పెళ్లాన్ని వదిలి వచ్చిన ఒక కూలివాడి గోడు. లోపల చూస్తే ఆ మైనా బెళగావి, కార్వార్, నిప్పాణీ ప్రాంతం. సంయుక్త మహారాష్ట్ర పోరాటంలో చేతికి రాకుండా పోయిన నేల. ఇంటి సంగతినీ, దేశం సంగతినీ ఒకే గుక్కలో చెప్పడమంటే అదీ. ఒక మిల్లు కార్మికుడు చేరదీసి పెంచిన నారాయణ్ సుర్వే (1926-2010) మరాఠీలో పెద్ద కవి అయ్యాడు. అక్కడ కార్మికుడి పాటను పార్టీ అచ్చు వేసింది, సంఘం దాచిపెట్టింది, బడిలో పాఠం అయింది.

మనకూ ఆ సంప్రదాయం లేకపోలేదు. సుద్దాల హనుమంతు తెలంగాణ సాయుధ పోరాట కాలంలో గొల్లసుద్దుల బాణీ పట్టుకుని పల్లె కష్టాన్ని పాట చేశాడు. ఆయన కన్నుమూసింది కూడా సరిగ్గా ఆ 1982లోనే. 2023 ఆగస్టులో గద్దర్ పోయినప్పుడు మన గల్లీల్లోనూ కంటతడి పెట్టనివాళ్లు తక్కువ. వాళ్ల పాట నిలిచింది. ఎందుకు నిలిచింది? గొంతు గొప్పది, సరే. దానితో పాటు ఎవరో ఒకరు కాగితం మీద పెట్టారు, ఇంకొకరు అచ్చు వేశారు, పదిమంది నేర్చుకుని పదూళ్లు తిప్పారు. మనం చేస్తున్నదేమిటి? మే డే వస్తే ఒకప్పుడు క్యాసెట్టు పెట్టేవాళ్లం, ఇప్పుడు ఫోన్‌ను స్పీకర్‌కు తగిలిస్తున్నాం. పెద్ద గాయకుల పాట మోగుతుంది. ముందు వరసలో కూర్చున్న ముసలాయన 1982లో తాను కట్టిన పాటను మనసులోనే పెట్టుకుని చప్పట్లు కొట్టి ఇంటికి పోతాడు. ఆయనను మైకు దగ్గరకు పిలవాలన్న ఆలోచన మన కమిటీలకు రాదు.

ఇంటి పాటలన్నీ బంగారమని మేము అనడం లేదు. ఈ మధ్య సభల కోసం కట్టే పాటల్లో సగం నాయకుల స్తోత్రాలే. నాయకుడి పేరు తీసేస్తే ఏమీ మిగలని పాటకు, చౌరస్తాలో వేలాడే ఫ్లెక్సీకి తేడా లేదు. మా సంఘం నాయకుల మీద కట్టినవాటికీ ఇదే మాట వర్తిస్తుంది.

ఊరి మీద కట్టిన పాటల సంగతి వేరు. అవి గుండె పిండుతాయి. కానీ వాటిలో ఊరు ఎప్పుడూ పచ్చగానే ఉంటుంది. చెరువు నిండే ఉంటుంది, అమ్మ వాకిట్లో నిలబడే ఉంటుంది. అంత పచ్చగా ఉంటే మనమెందుకు వచ్చాం మిత్రులారా? 'బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి' అని తెలంగాణ ఉద్యమంలో ఊరూరా అనుకున్న మాట ఉంది. మూడు మాటల్లో మూడు తరాల వలస చెప్పేసింది. పాట అంటే అంత నిక్కచ్చిగా ఉండాలి. ఇప్పుడు సిరిసిల్లలో ఏం జరుగుతోందో చూడండి. ఇక్కడ మిల్లులు మూతపడ్డాక సాంచాల పని తెలిసిన మనవాళ్లు కొందరు భివండీకి, కొందరు సొంత ఊళ్లకు పోయారు. 2017 నుంచి ప్రభుత్వం బతుకమ్మ చీరల ఆర్డరు సిరిసిల్లకు ఇచ్చింది, ఏడాదిలో కొన్ని నెలలు సాంచాలకు చేతినిండా పని దొరికింది. 2023 చివర ప్రభుత్వం మారింది, ఆ పథకం ఆగింది, సాంచాలూ చాలావరకు ఆగాయి. 2025లో మహిళా సంఘాల చీరల పేరుతో మళ్లీ ఆర్డరు వచ్చింది. అంటే నేసేవాడి కూడు ఎన్నికల లెక్కతో ముడిపడి ఉంది. మన ఆడపడుచులు బతుకమ్మ చుట్టూ తిరుగుతూ పువ్వుల పేర్లు పాడుతున్నారు, బాగుంది. కట్టుకున్న చీర నేసినవాడి సంగతి కూడా ఒక చరణంలో రావాలి. చిన్న ఊరి బతుకు అంటే అదే కదా, ఒకడి పని ఆగితే టీ కొట్టు దాకా తెలిసిపోతుంది.

ఇంకో మౌనం ఉంది. మన పాటల్లో మిల్లు ఉంది, ఊరు ఉంది, సేటు ఉన్నాడు. పక్క గల్లీ ఆడవాళ్లు లేరు. వాళ్లలో తెలుగు నేల నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు, మన జిల్లాల యాసే మాట్లాడతారు. మనం పని వెతుక్కుంటూ దిగిన ఊళ్లోనే వాళ్లూ దిగారు. సినిమావాళ్లు మన పేటను ఒక్క కంటితో చూశారని కోపగించుకున్నాం. రెండో కన్నుతో మనమేం చూశామో మన పాటలు వెతికితే తెలుస్తుంది. ఈ మాట కొందరికి నచ్చదు. మా కమిటీలోనూ నచ్చనివాళ్లున్నారు. అయినా రాస్తున్నాం.

ఇదంతా ఇప్పుడెందుకు అంటారా? రెండు సంగతులు ముంచుకొస్తున్నాయి.

ఒకటి ఇళ్ల విషయం. 1991లో మిల్లు భూములకు నిబంధన మార్చారు. 2001లో మళ్లీ మార్చారు. దాంతో కార్మికుల ఇళ్లకూ, ప్రజల మైదానాలకూ రావలసిన భూమి కుంచించుకుపోయింది. ఆ మార్పును 2006లో సుప్రీంకోర్టు నిలబెట్టింది. భోంగాలు మోగిన చోట మాల్‌లు వెలిశాయి. 1982 జనవరి 1 నాటికి, ఆ తరువాత పనిలో ఉన్నవారికి ఇల్లు ఇస్తామన్నారు, కొన్ని లాటరీలు తీశారు. ఇంకా చాలామందికి రాలేదు. ఇప్పుడు షేలు, వాంగణి వైపు పొమ్మంటే, ఇల్లు ముంబైలోనే కావాలని 2025 జూలైలో కార్మికులు ఆజాద్ మైదానంలో నిలబడ్డారు. సమ్మె తరువాత తెలంగాణకు తిరిగిపోయిన మన బదిలీ కార్మికుడికి ఈ ఫారాల కబురే సరిగా అందలేదు. పాట సాక్ష్యంగా చెల్లదని మాకూ తెలుసు, ఆఫీసులో పాస్‌బుక్కు, హాజరు కార్డు అడుగుతారు గాని పాట అడగరు. కానీ ఎవరు ఏ ఖాతాలో, ఏ జాబర్ కింద పనిచేశారో పాత పాటల్లో పేర్లతో సహా వినిపిస్తుంది. ఆ పేర్లు పట్టుకుంటే మనుషులు దొరుకుతారు, మనుషులు దొరికితే వాళ్ల పెట్టె అడుగున కార్డు దొరకవచ్చు.

రెండోది మన గల్లీలే. కామాఠిపురా మొత్తాన్ని, దాదాపు 34 ఎకరాలను, కూల్చి కొత్తగా కట్టే పని మ్హాడా చేతికి తీసుకుంది. మేము దానికి వ్యతిరేకం కాదు. వానాకాలం వస్తే కప్పు ఎప్పుడు కూలుతుందో అని ఒక కన్ను తెరిచి పడుకునేవాడికి పాత చాళ్ల అందం గురించి చెప్పడం పాపం. పక్కా ఇల్లు రావాలి, సొంత మరుగుదొడ్డి రావాలి, అర్హుడైన ఒక్క కిరాయిదారు కూడా లిస్టు నుంచి జారిపోకూడదు. కానీ పాట పుట్టింది ఖోలీలో కాదు, ఖోలీ ముందరి వరండాలో అని పైన చెప్పాం. ఇరవయ్యో అంతస్తులో తలుపు మూస్తే మూసినట్టే. నల్లా లోపలే ఉంటుంది, బిందెల వరుస ఉండదు, మంచిదే. ఆ వరుసలో పుట్టిన మాట ఎక్కడ పుడుతుంది? ప్లానులో పార్కింగ్‌కు చోటు అడిగినట్టే బతుకమ్మ ఆడుకోవడానికి, భజనకు కూర్చోవడానికి కింద ఒక చావడి అడగాలి. మన ప్రతినిధులు ఇప్పుడే, కాగితం మీదే అడగాలి. కట్టేశాక అడిగితే హాలుకు అద్దె చెబుతారు.

అప్పటిదాకా మన చేతిలో ఉన్న పని మనం చేద్దాం. వచ్చే సంచిక నుంచి ఈ బులెటిన్‌లో ఒక పేజీ పాటలకు ఇస్తున్నాం. సినిమా బాణీ అయినా సరే, ఏ బాణీయో పైన రాయండి. ఎవరు కట్టారో, ఏ గల్లీలో, ఏ ఏడాదిలో, అప్పుడు ఏం జరుగుతోందో తప్పక చెప్పండి. పేరు వేయవద్దంటే వేయం. సగమే గుర్తుంటే సగమే తెండి, మిగతా సగం గుర్తున్నవాళ్లు పేజీ చూసి వస్తారు. రాయడం రానివాళ్లు ఆదివారం సాయంత్రం ఆఫీసుకు వచ్చి పాడండి, మేము రాసుకుంటాం. పిల్లలుంటే ఫోన్‌లో రికార్డు చేసి తెమ్మనండి. అవ్వలు మెట్లెక్కలేరు కాబట్టి వాళ్ల దగ్గరకు మేమే వస్తాం, ఏ బిల్డింగో, ఏ అంతస్తో కబురు పెట్టండి. 1982 నాటి ఆ బతుకమ్మ పాటలో మిగతా చరణాలు ఎవరికైనా తెలిస్తే ముందు వాళ్లు రావాలి.